విశ్వేశ్వరరావు క్లచ్ మార్చమన్నాడు

విశ్వేశ్వరరావు దేన్నీ మార్చనివ్వడు. ఆయన గురించి తెలుసుకోవలసింది ఇదొక్కటే, తక్కినదంతా దీని సంతానమే. బల్బు మాడిపోతే విప్పి, ఊపి, చెవి దగ్గర పెట్టుకుని విని, మళ్ళీ బిగించేవాడు. అప్పటికీ వెలగకపోతే "దానికి విశ్రాంతి కావాలి" అని ఆ గదిలోకి వెళ్ళడం మానేసేవాడు. ఎవరైనా కొత్తది కొందామని నోరు తెరిస్తే చాలు, ఆయన నోట ఒకే మాట వచ్చేది: "ఉన్నదానికేం రోగం?"

సింగపూర్‌లో హౌగాంగ్ అనే పేటలో, ఏడో అంతస్తులో ఆయన ఫ్లాటు. అందులో ఒక గది అద్దెకు తీసుకున్న హరికృష్ణకి ఈ సంగతి మొదటిరోజే తెలిసింది. గదిలో ఫ్యాను మూడో నంబరు మీద పెడితే ఒకటిలా తిరుగుతోంది, ఒకటి మీద పెడితే అసలు తిరగడం లేదు.

"అంకుల్, ఫ్యాను మార్పిద్దామా?"

"ఉన్నదానికేం రోగం?"

"ఒకటి మీద తిరగడం లేదండీ."

"ఒకటి కావలసినప్పుడు మూడు మీద పెట్టుకో. ఇందులో కష్టమేముందయ్యా? మీ కంప్యూటర్లో ఇంతకన్నా తలకిందుల పనులు చేస్తారు కదా!"

హరికృష్ణ కాసేపు ఆలోచించాడు. తను చేసే ఉద్యోగం గుర్తొచ్చింది. వెళ్ళి ఫ్యాను మూడు మీద పెట్టుకున్నాడు.

ఆయన భార్య సత్యవాణి అయితే ఈ రోగానికి మూలం తనకే తెలుసునంటుంది. "పెళ్ళిచూపులకి వైజాగ్‌లో మా ఇంటికొచ్చి, నన్నిలా చూసి అలా సరేనన్నారు బాబూ. నా అందం చూసే అనుకుని మావాళ్ళు పొంగిపోయారు. తీరా కాపరానికొచ్చాక తెలిసింది, ఇంకో సంబంధం చూడ్డానికి ఈయనకి ఒళ్ళొంగలేదని."

అది రెండువేల సంవత్సరం. సింగపూర్‌లో మన ఐటీవాళ్ళకి పట్టిన పిచ్చి పేరు అప్‌గ్రేడ్. ఆర్నెల్లకో హ్యాండ్‌ఫోను, మూడు నెలలకో కంపెనీ. ప్రభుత్వ ఫ్లాటు నుంచి, ఈతకొలనుండే ప్రైవేటు కండోకి మారినవాడు మనిషి, మారనివాడు ఇంకా మనిషి కావలసినవాడు. శ్యాంసుందర్ అనే ఒక మేనేజరు బిషాన్‌లో కండో కొని, గృహప్రవేశానికి అందర్నీ పిలిచి, స్విమ్మింగ్ పూల్ చూపించడానికే గంటన్నర తీసుకున్నాడు. ఆ పెద్దమనిషికి ఈత రాదు. విశ్వేశ్వరరావు ఆ నీలం నీళ్ళు ఎగాదిగా చూసి, "పాత ఇంట్లో బకెట్టుకేం రోగమొచ్చింది నాయనా?" అని అడిగాడు. అంతే, శ్యాంసుందర్ ఆయనతో మాటలు మానేశాడు.

ఇంతకీ విశ్వేశ్వరరావు ఊరికే మాటలు చెప్పే మనిషి కాదు. సెంబవాంగ్ షిప్‌యార్డులో ఇరవై రెండేళ్ళు ఓడల్లో బరువులు లాగే వించీలు, వాటి క్లచ్‌లు బాగుచేసి ఆ ఏడాదే రిటైరయ్యాడు. యంత్రానికి స్క్రూడ్రైవర్ ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, లోపల ఏ పన్ను అరిగిందో చెప్పేవాడు. మనుషులు చెప్పేది మాత్రం వినేవాడు కాదు.

హరికృష్ణ పనిచేసే చోటు ఒక మంచు హాలు. అవును, మంచే. దాని యజమాని సురేన్ మలేసియాలో పుట్టిన తెలుగువాడు. ఐటీ బూములో ఎవరెవరి డబ్బో ఎక్కడికి పోవాలో తెలియక తిరుగుతుంటే, దాన్ని పట్టుకొచ్చి సెంబవాంగ్ వైపు ఒక పాత కోల్డ్ స్టోరేజీలో పోశాడు. నేలంతా మంచు పరిచి, టిక్కెట్టు పెట్టాడు. హరికృష్ణ ఆ టిక్కెట్ల కంప్యూటర్లు చూసేవాడు. బయట చెమటలు కక్కే జనం లోపలికొచ్చి, అద్దె కోట్లు తొడుక్కుని, వణుకుతూ ఆనందించి వెళ్ళేవారు.

సురేన్ అంతటితో ఆగితే బాగుండేది. క్యాటలాగు చూసి, మంచు మీద నడిచే స్నోమొబైల్ అనే బండి ఒకటి తెప్పించాడు. అదీ మామూలుది కాదు, మంచుకొండలెక్కేది. తొమ్మిదివేల అడుగుల ఎత్తుకి పాకడానికి చేసిన ఆ బండి, ఇక్కడ అరవై గజాల హాల్లో ఈ గోడ నుంచి ఆ గోడకి, వెనక చక్రాల్లేని నాలుగు చిన్న బళ్ళలో పిల్లల్ని కూచోబెట్టుకుని లాగాలి. నడిపేది చిన్నారావు. టెక్కలి దగ్గర పల్లె నుంచి వర్క్ పర్మిట్ మీద వచ్చాడు. అంతకుముందు జన్మలో మంచు చూడలేదు, ఐసుఫ్రూటు తప్ప.

ఈ బండికి గేర్లుండవు. ఇంజను ఊపందుకోగానే క్లచ్ ఒక రబ్బరు బెల్టుని గట్టిగా పట్టుకుంటుంది, ఆ బెల్టు బండిని లాగుతుంది. పట్టు సరిగ్గా కుదరకపోతే బెల్టు జారి, రాసుకుని, మాడుతుంది. పది రోజుల్లో మూడు బెల్టులు మాడాయి. హాలంతా కాలిన రబ్బరు కంపు. "మమ్మీ, స్నో స్మెల్ లైక్ టైర్ లా!" అని సింగపూర్ యాసలో ఒక పిల్లాడు అరిచాడు. సురేన్ ముఖం మాడింది.

హరికృష్ణని పిలిచి, ఇంటర్నెట్‌లో చూడమన్నాడు. చూశాడు. కొండ బండికి కంపెనీ ఇచ్చిన క్లచ్ మార్చాలా వద్దా అని ఎక్కడెక్కడి మంచుదేశాల వాళ్ళో ఒక చర్చావేదికలో రెండేళ్ళుగా కొట్టుకుంటున్నారు. సగంమంది మార్చకపోతే బతుకు వృథా అన్నారు. సగంమంది మార్చినవాడు మూర్ఖుడన్నారు. మూడువందల ఉత్తరాలు చదివాక హరికృష్ణకి తెలిసింది ఒక్కటే, వాళ్ళందరికీ చాలా తీరిక ఉందని.

"లుక్ హరీ," అన్నాడు సురేన్. "మీ ఇంటి ఓనర్ అంకుల్ క్లచ్ స్పెషలిస్ట్ కదా? ఆయన్ని రమ్మను. క్లచ్ బాగోలేదా, కొత్త క్లచ్ తెప్పిస్తాను. క్లచ్ బాగుందా, డ్రైవర్ బాగోలేడు. ఫ్రైడే పర్మిట్ క్యాన్సిల్ చేసి చిన్నారావుని ఇంటికి పంపిస్తాను. సింపుల్ లా."

హరికృష్ణకి జవాబు ముందే తెలుసు. భూమి బద్దలైనా ఆ మనిషి 'మార్చాలి' అనడు!

చిన్నారావు హరికృష్ణ వెంటపడ్డాడు. "బాబూ, మీ ఇంటాయన ఒక్కపాలి మార్సమంటే సాలు. నానొచ్చి ఎనిమిది నెల్లు కాలేదు. మంచు మీద బండి తోలతన్నానని మా యింటిది పైడమ్మకి ఫోన్లో సెప్పినాను. అది ఊరంతా సెప్పీసింది. ఇప్పుడు ఏ మొకమెట్టుకుని ఎల్తాను?"

ఆ సాయంత్రం హరికృష్ణ ఇంట్లో ప్రయత్నం మొదలుపెట్టాడు.

"అంకుల్, ఒక్కసారి 'మార్చాలి' అనండి."

"దేన్ని?"

"దేన్నీ కాదు. ఊరికే, అలవాటు కోసం."

"మా..." అని దగ్గొచ్చి, సత్యవాణి తెచ్చిన మంచినీళ్ళు తాగి, పేపరు తీసుకున్నాడు.

మర్నాడు విశ్వేశ్వరరావు షిప్‌యార్డు బాయిలర్ సూటు, మంకీ క్యాపు, పైన భార్య శాలువా వేసుకుని మంచు హాలుకి వచ్చాడు. బకెట్టు బోర్లించుకుని మంచులో కూచున్నాడు. మొదటిరోజు క్లచ్ ముఖమే చూడలేదు. చిన్నారావు నడపడం చూశాడు, మధ్యాహ్నం పక్కనున్న హాకర్ సెంటర్ తిండి దుకాణాల్లో భోంచేసి వచ్చి మళ్ళీ చూశాడు. రెండోరోజు క్లచ్ విప్పాడు, తుడిచాడు, స్క్రూడ్రైవర్ చెవికి పెట్టుకుని విన్నాడు. మూడోరోజు సురేన్, హరికృష్ణ, చిన్నారావు ముగ్గురూ ఆయన ముందు నిలబడ్డారు.

"సో అంకుల్? అప్‌గ్రేడ్ చెయ్యాలా, వద్దా? యెస్ ఆర్ నో?"

చిన్నారావు కళ్ళు మూసుకుని పైడితల్లి అమ్మవారిని తలుచుకుంటున్నాడు. హరికృష్ణ ఆ పాత మాట వినడానికి మనసు రాయి చేసుకున్నాడు.

"మార్చాలి," అన్నాడు విశ్వేశ్వరరావు.

చిన్నారావు ఒక కన్ను తెరిచాడు.

"ఏమిటండీ?" అన్నాడు హరికృష్ణ.

"క్లచ్ పనికిరాదయ్యా. మార్చాలి. కుర్రాడిది తప్పేం లేదు. ఆ క్లచ్‌తో అర్జునుడి రథం నడిపినా బెల్టు మాడేది." అని బకెట్టు తీసుకుని వెళ్ళిపోయాడు.

ఈ వార్త మధ్యాహ్నానికి హౌగాంగ్, సాయంత్రానికి బిషాన్ చేరింది. సత్యవాణి భర్త నుదురు పట్టుకు చూసి, నమ్మకం కుదరక థర్మామీటరు పెట్టింది. మాటలు మానేసిన శ్యాంసుందర్ కూడా తన కొత్త హ్యాండ్‌ఫోను నుంచి ఫోన్ చేసి, "నిజమేనా అంకుల్? అయితే మీరు కూడా కండో చూడకూడదూ?" అన్నాడు. "ఉన్నదానికేం రోగం?" అని విశ్వేశ్వరరావు పెట్టేశాడు. సత్యవాణి ఊపిరి పీల్చుకుని థర్మామీటరు దాచింది.

కొత్త క్లచ్ పెట్టెలో వచ్చింది. బిగించేటప్పుడు ఎవరూ ఉండకూడదన్నాడు విశ్వేశ్వరరావు. సాయానికి చిన్నారావు ఒక్కడు చాలన్నాడు. వారం రోజులు పొద్దున్నే, హాలు తెరవకముందే వెళ్ళేవాడు. ఆ వారమే సత్యవాణికి ఒక వింత ఎదురైంది. ఇంట్లో ఉన్న రెండు బియ్యం బస్తాలు పొద్దున ట్రాలీలో మాయమై పదింటికి తిరిగొస్తున్నాయి. వచ్చినవి చల్లగా ఉంటున్నాయి.

"ఏవండీ, బియ్యం ఇలా గడ్డకట్టాయేంటి?"

"పురుగు పట్టకుండా."

"పట్టిన పురుగు కూడా నాకు జలుబు చేసిందంటుంది!"

ఏమైతేనేం, ఆ తరవాత ఒక్క బెల్టు కూడా మాడలేదు. బండి గోడ నుంచి గోడకి సాఫీగా సాగింది. పిల్లలు మరోసారి, మరోసారి అని క్యూలో బ్యాగులు పెట్టి, ఇక్కడివాళ్ళ మాటలో చెప్పాలంటే, చోటు 'చోప్' చేసుకుంటున్నారు. సురేన్ ఆనందానికి పట్టపగ్గాల్లేవు. "హరీ, ఇన్వెస్టర్లకి రిపోర్టు రాయి. అప్‌గ్రేడ్‌కి ముందు, అప్‌గ్రేడ్ తరవాత. గ్రాఫులు కూడా!"

రిపోర్టులో పాత క్లచ్ నంబరు రాయాలి. హరికృష్ణ సామాన్ల గదిలోకి వెళ్ళాడు. అక్కడ కొబ్బరితాడు కట్టిన పెట్టె, దాని మీద విశ్వేశ్వరరావు దస్తూరీలో పెద్ద అక్షరాలు: 'పాతది. ఎవరూ ముట్టరాదు.' ముట్టాడు. లోపల కంపెనీ ప్లాస్టిక్ కవరు కూడా విప్పని కొత్త క్లచ్ తళతళలాడుతోంది.

హరికృష్ణ ఆ పూటే ఇంటికి పరిగెత్తాడు. దంపతులిద్దరూ భోంచేస్తున్నారు.

"అంకుల్, ఆ బండిలో ఉన్నదేమిటి?"

"క్లచ్."

"పాతదా, కొత్తదా?"

"ఉన్నది," అన్నాడు విశ్వేశ్వరరావు పప్పు కలుపుకుంటూ.

"మరి బెల్టులెందుకు మాడలేదు?"

విశ్వేశ్వరరావు భార్య వైపు చూశాడు. ఆవిడ చెప్పెయ్యండన్నట్టు తలూపింది.

"క్లచ్ దివ్యంగా ఉందయ్యా. తప్పంతా చిన్నారావుదే. వెనక పిల్లలున్నారు, గట్టిగా లాగితే ఎక్కడ పడిపోతారోనని భయం. 'పిల్లగుంటలు పడిపోతారు బాబూ' అని చలిలో చెమట్లు పట్టేవి వాడికి. భయంతో యాక్సిలరేటరు సగం సగం నొక్కుతూ బండిని పాకించాడు. క్లచ్ పట్టుకోనూ లేదు, వదలనూ లేదు. బెల్టు మాడక పాట పాడుతుందా?"

"అదే సురేన్‌తో చెప్పొచ్చు కదండీ."

"చెబితే శుక్రవారం విమానం ఎక్కించేవాడు. అందుకని తప్పు క్లచ్ మీద తోశాను. దానికి పెళ్ళామా, పిల్లలా? నాలుగు తిట్టినా ఏడవదు. నేర్పితే నేర్చుకునేవాణ్ణి పంపించి కొత్తవాణ్ణి తెస్తారా? వాడు మాత్రం భయపడడా? ఆ మాత్రం కూడా తెలియకపోతే వీళ్ళ కంప్యూటర్లెందుకు!"

ఆయన గొంతు కాస్త పెరిగింది. సత్యవాణి పెరుగు వడ్డించింది.

"ఆ వారమంతా వాడికి నడపడం నేర్పాను. బియ్యం బస్తాలు పిల్లల బదులు," అన్నాడు తగ్గించి. "మొదటిరోజు రెండూ బోర్లాపడ్డాయి. మూడోరోజుకి నిలబడ్డాయి. నాలుగోరోజు మీ ఆంటీని కూచోబెట్టాను."

"ముప్ఫై ఏళ్ళలో ఈయన నన్ను తిప్పిన విహారయాత్ర అదొక్కటే బాబూ," అంది సత్యవాణి. "నేను పడలేదు. చిన్నారావుకి అప్పుడు ధైర్యం వచ్చింది."

హరికృష్ణకి నవ్వొచ్చింది. ఇన్నాళ్ళూ ఈ ముసలాయన్ని పిసినారి అనుకున్నందుకు సిగ్గేసింది. తిరిగి హాలుకి వెళ్ళి, పెట్టెలోని ప్లాస్టిక్ కవరు తీసేసి, క్లచ్‌కి రెండుచోట్ల గ్రీజు రాసి, తాడు యథాప్రకారం కట్టాడు.

మంచిపనే చేశాడు. రెండు రోజుల్లో సురేన్ అందర్నీ సామాన్ల గది దగ్గరికి పిలిచాడు. "చిన్నారావు పర్మిట్ రెండేళ్ళు పెంచుతున్నాను. అప్‌గ్రేడ్ చేసిన బండి, ఇంకొకడి చేతిలో పెట్టను లా. ఇంకోటి అంకుల్, స్పేర్‌కి ఇంకో కొత్త క్లచ్ ఆర్డర్ చేద్దామా?"

"స్పేర్‌కి కొత్తదెందుకు? ఆ పాతది బాగుచేసి పెట్టాను."

"ఆ చెడిపోయిందా? అదెక్కడ పనిచేస్తుంది అంకుల్!" అంటూనే సురేన్ తాడు విప్పి, మూత తీసి, రెండు చేతులా క్లచ్ పైకెత్తాడు. దీపం కిందకి తెచ్చాడు. అటూ ఇటూ తిప్పాడు. గ్రీజు మీద వేలు పెట్టి చూసుకున్నాడు.

"అలమాక్!" అని మలయ్‌లో ఆశ్చర్యపోయాడు. "బ్రాండ్ న్యూలా ఉంది! ఎలా చేశారంకుల్?"

"ఏదో, చేతిపని," అన్నాడు విశ్వేశ్వరరావు నేల చూస్తూ.

"చిన్నారావ్, చూశావా? అంకుల్ దగ్గర నేర్చుకో!"

"నేర్సుకుంటన్నాను సార్," అన్నాడు చిన్నారావు మంకీ క్యాపు ముక్కు మీదకి లాక్కుని.

"హరీ, ఇది కూడా రిపోర్టులో పెట్టు. గ్రాఫుతో!"

హరికృష్ణ పెట్టాడు. ఆ ఏడాది సింగపూర్‌లో ఇన్వెస్టర్లకి వెళ్ళిన రిపోర్టుల్లో అంతకన్నా నిజాయితీ గలది మరొకటి ఉంటుందని అతనికి ఇప్పటికీ నమ్మకం లేదు.