నేను దిద్దిన మాట

పిల్లల భాష దిద్దడమే వృత్తిగా బ్రతికినవాణ్ణి గనుక, నా దోషాన్ని కూడా వ్రాసిపెట్టడం ధర్మం. ఈ వేసవిలో జుక్కల్ నుంచి బాన్సువాడకు వెళ్తూ చెరకురసం బండి దగ్గర ఆగాను. అక్కడే మోటారుసైకిల్ ఆపిన ఒక తండ్రి భుజంపై నాలుగేళ్ల పాప "యాడీ, యాడీ" అని ఏడుస్తోంది. ఎక్కడికని అడుగుతోందనుకున్నాను.

"యాడ అనరాదమ్మా, ఎక్కడ అనాలి. ఈ దారి బాన్సువాడకు," అన్నాను.

పాప ఏడుపు మానింది. "నిజంగ బాన్సువాడలనే ఉన్నదా తాతా?"

తండ్రి నవ్వాడు. "మా తండాల యాడీ అంటే అమ్మ, సారూ. కాన్పయి గాడనే దవాఖానల ఉన్నది. పొద్దుగాల సంది నేను చెప్తే నమ్మలే, మీరు చెప్తే నమ్మింది!"

పాప నా వ్రేలు పట్టుకొని, "ఇగ పా, తాతా!" అని లాగింది.

ఆ భాష నాకు రాదు. ఆ మాటను ఇక్కడ తప్పుగా వ్రాసి ఉంటే, తెలిసినవారు దిద్దవలసిందిగా ప్రార్థిస్తున్నాను.