ఒక్క ‘ఎందుకు’

చరిత్ర మాస్టారిని బడిలో అందరూ ‘క్రాస్ మాస్టారు’ అంటారు. కోర్టులో లాయరు క్రాస్ ఎగ్జామినేషన్ చేసినట్టు, వాదనలో ఎదుటివాళ్ళను ప్రశ్నలడిగి ముప్పుతిప్పలు పెట్టడంలో ఆయనకు ఆయనే సాటి. ఆ సంగతి ఎవరైనా మరిచిపోతారేమోనని రోజూ ఆయనే గుర్తుచేస్తుంటారు.

“చిన్న ప్రశ్న వెయ్యాలి. అవుననిపించాలి. కూర్చోవాలి. ‘ఎందుకు’ అని మాత్రం చచ్చినా అడక్కూడదు. అడిగామా, మైకు మనమే వాళ్ళ చేతికిచ్చినట్టు!”

ఈ ఉపదేశం విని విని భార్యకు కంఠతా వచ్చేసింది. అదే బడిలో లెక్కలు చెప్పే మరదలికీ వచ్చేసింది. అది ఆయన ఊహించలేదు.

ఈ ఏడు బడి వాదన జట్టుకు నాయకత్వం కావాలని మరదలు అడిగింది. ఏళ్ళ తరబడి ఆ కుర్చీ మాస్టారిదే. ఇద్దరూ వాదించండి, నెగ్గినవాళ్ళకే ఇస్తానంది హెడ్మిస్ట్రెస్. విషయం: పరీక్షలు తీసేయాలా? తీసేయాలంది మరదలు. పోటీ రోజు, నిండిన హాల్లో మాస్టారు జాలిగా నవ్వుకుని లేచారు.

“మీ తరగతిలో పరీక్షలు పెడతారా?”

“పెడతాను మాస్టారూ.”

“ఎవరికి ఏం రాదో వాటితోనే తెలుసుకుంటారా?”

“అవును.”

“అంటే మీకు పనికొస్తున్నట్టేగా?”

“వస్తున్నాయి.”

హాలు గొల్లుమని నవ్వి చప్పట్లు కొట్టింది. కూర్చుంటే నాయకత్వం ఆయనదే. కానీ చప్పట్లు విన్నాక కూర్చునే కాళ్ళా అవి! సభవైపు తిరిగి, కండువా సర్దుకుని, “మరి పనికొచ్చేదాన్ని ఎందుకమ్మా తీసేయమంటున్నారు?” అన్నారు.

అన్నాక నాలుక కరుచుకున్నారు. అప్పటికే మరదలు మైకు దగ్గరకు జరిగింది.

“నాకు పనికొస్తున్నాయన్నాను. పిల్లలకని అనలేదు. మొన్న మా క్లాసులో ఒకమ్మాయి పేపరు చూడగానే వాంతి చేసుకుంది. మర్నాడు అవే లెక్కలు బోర్డు మీద చకచకా చేసేసింది...”

“అవునో కాదో చెప్తే చాలు!” అని మాస్టారు అరిచారు.

“ఎందుకని అడిగింది మీరే కదండీ. చెప్పనివ్వండి,” అంది హెడ్మిస్ట్రెస్.

గంట మోగేదాకా మరదలు చెబుతూనే ఉంది. హాల్లో నవ్వులు ఆగిపోయాయి. వెనక వరుసలో ఎవరో కళ్ళు తుడుచుకున్నారు. కుర్చీ చేతులు మారింది.

ఇంటికొచ్చి మాస్టారు టీ ఒక గుక్క తాగి మొహం చిట్లించారు.

“ఇంత చప్పగా ఉందేం? చక్కెర ఎందుకు వెయ్యలేదు?”

భార్య స్టవ్ ఆపి, చేతులు తుడుచుకుని, కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది.

“ఎందుకని అడిగారా? అయితే వినండి.”