రెండు పేర్లు, ఒకే బొటనవేలు

1979లో నేను నంద్యాల సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో గుమాస్తాను. పొద్దున పదిన్నర నుంచి సాయంత్రం ఐదు దాకా నా పని జనం బొటనవేళ్ళు పట్టుకోవడమే. పొలం అమ్మేవాడైనా, ఇల్లు తాకట్టు పెట్టేవాడైనా, దస్తావేజు రాసిచ్చినవాడు ఎంత చదువుకున్నా సరే, సంతకంతో పాటు ఎడమచేతి బొటనవేలి ముద్ర వేయాల్సిందే. దాన్ని మేము ఎల్.టి.ఐ. అంటాం, అంటే లెఫ్ట్ థంబ్ ఇంప్రెషన్. వేలిని సిరాలో అద్ది కాగితం మీద ఒక అంచు నుంచి ఇంకో అంచుకు మెల్లగా దొర్లించాలి. గట్టిగా నొక్కితే మిగిలేది మసి మరక. ఈ మాట రోజుకు యాభై సార్లు చెప్పేవాణ్ణి.

ఐదు దాటితే నేను మా ప్రాంతపు ఫుట్‌బాల్ లీగుకు సెక్రెటరీని. జీతం లేని కొలువు. నేను బంతి తన్నితే అది ఎటు పోతుందో నాకే తెలిసేది కాదు. కానీ రూల్స్ అంటే నాకు మహా పిచ్చి. నంద్యాల, ఆళ్లగడ్డ, గడివేముల, పగిడ్యాల, ఇట్లా ఆరు జట్లు. ఒక్కో జట్టుకు ఐదు ఆటలు. పైన నిలిచిన రెండు జట్లకు ఫైనల్.

అంతకు ముందు ఏడాది ఒక జట్టు ఫైనల్ రోజున బయటి ఊరి నుంచి నలుగురు అద్దె ఆటగాళ్ళను దించి కప్పు పట్టుకుపోయింది. ఊళ్ళో పెద్ద రచ్చయింది. అప్పుడు నేనే కూర్చుని ఎలిజిబిలిటీ రూలు రాశాను. ఎలిజిబిలిటీ అంటే ఆడే అర్హత. ఆ సీజన్లో జట్టు తరఫున కనీసం నాలుగు లీగు ఆటలు ఆడినవాడికే ఫైనల్లో చోటు. అర్హత లేనివాణ్ణి దించితే జట్టు మొత్తం ఔట్. దానికి తోడు ఆఫీసు బుద్ధి పోనిచ్చుకోక ఇంకోటి కూడా కలిపాను. ప్రతి ఆటకు ముందు టీమ్ షీటు మీద, అంటే ఆ రోజు ఆడేవాళ్ళ జాబితా మీద, ప్రతివాడూ సంతకంతో పాటు వేలిముద్ర వేయాలి. ఆ షీటును రెఫరీ కవర్లో పెట్టి లక్కతో సీలు వేసి, ఆడినవాళ్ళ పేర్లు కవరు మీద రాసి నాకు పంపాలి. ఊరంతా నవ్వింది. కాలేజీ కుర్రాళ్ళు నాకు ‘నిశాని సారు’ అని పేరు పెట్టారు; నిశాని అంటే మా వైపు చదువు రానివాడు వేసే వేలిముద్ర. పెట్టుకుంటే పెట్టుకోనీ అనుకున్నాను.

సీజన్ మొదట్లో ఆళ్లగడ్డ జట్టు నంద్యాలకు ఆడడానికి వచ్చింది. వాళ్ళ మేనేజరు జయరామయ్య సారు, అక్కడి స్కూల్లో లెక్కల టీచరు. గోలీ, అంటే గోల్‌కీపరు, ఇరవై ఏళ్ళ పొడుగాటి పిల్లవాడు. షీటులో సారు అతని పేరు సుంకన్న అని రాశారు. అతను గుండ్రటి అక్షరాలతో చక్కగా సంతకం చేశాడు. నేను ఇంకు ప్యాడు ముందుకు తోస్తే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

“నాకు సంతకం వచ్చు సార్.”

“వచ్చని కనపడతాంది గదా. ఏలు గూడా పెట్టు.”

“మా నాయన బతుకంతా నిశానే ఏసినాడు సార్. నేను ఏయకూడదనే నన్ను సదివించినాడు.”

జయరామయ్య సారుకు కోపం వచ్చింది. “ఏందప్పా, మా పిల్లోల్లు నీ కంటికి నిశానిగాళ్ళ మాదిరి కనపడతాండారా? ఈడు పదో తరగతి ఫస్టు క్లాసులో పాసైనోడు.”

“రూలు రూలే సారూ. ఏలు పెట్టకుంటే ఆట ల్యా.”

పిల్లవాడు నా మొహం చూడకుండా వేలు పెట్టి వెళ్ళిపోయాడు. ఒక్క మంచి మాట చెప్పి ఉంటే నా సొమ్మేం పోయేది కాదు. చెప్పలేదు. ఆ రోజు రూలు నెగ్గిందని ఇంటికి పోయి హాయిగా భోంచేశాను.

లీగు ఆటలు ముగిశాయి. ఫైనల్లో ఆళ్లగడ్డకూ నంద్యాలలోని శేషయ్య జట్టుకూ పోటీ పడింది. శేషయ్య పత్తి వ్యాపారి, మనిషి మంచివాడే, కానీ ఓటమి మాత్రం పడదు. ఆళ్లగడ్డ అంతకు ముందు ఎన్నడూ ఫైనల్ మొహం చూడలేదు. ఎవరెవరు ఎన్ని ఆటలు ఆడారో నేను జాబితా రాసి నోటీసు బోర్డుకు అంటించాను. అంకెలైతే తప్పు లేకుండా రాశాను గానీ, వాటిని చూసి ఆలోచించింది లేదు. ఆలోచించింది శేషయ్య. శుక్రవారం ఆఫీసు మూసే వేళకు ఒక కాగితం పట్టుకుని వచ్చాడు. అది ప్రొటెస్ట్, ఆటకు ముందే రాసిచ్చే అభ్యంతరం.

“ఏమప్పా సెక్రెటరీ, నీ రూలు నువ్వే ఒకతూరి సదువుకో. ఆళ్లగడ్డకు ఇద్దరు గోలీలు. సుంకన్నకు రెండాటలు, శామ్యూల్‌కు మూడు. ఎవనికీ నాలుగు ల్యా. ఆదివారం ఆడ గోల్లో నిలబడేది ఎవడు?”

ఆళ్లగడ్డ బస్సు కండక్టరుతో వెంటనే కబురు పంపాను.

శనివారం పొద్దున లీగు ప్రెసిడెంటు గారింటి వసారాలో పంచాయితీ. ప్రెసిడెంటు రిటైరైన హెడ్మాస్టరు, మెత్తని మనిషి. ఆళ్లగడ్డ నుంచి జయరామయ్య సారు, గోలీ, జట్టు కెప్టెన్ బాషా వచ్చారు. బాషాకు ఆళ్లగడ్డలో సైకిలు షాపు ఉంది. విషయం వినగానే తల పట్టుకున్నాడు.

“ఇద్దరు యాడ సార్? ఒక్కడే. స్కూల్లో సుంకన్న, చర్చిలో శామ్యూల్. మా ఈదిలో అందరూ శామ్యూలనే పిలుస్తారు. ఆళ్లగడ్డలో మూడు ఆటలకు షీటు నేను రాసినా. నాకు తెలిసిన పేరు ఏసినా. నంద్యాలలో రెండాటలకు సారు రాసినాడు. సారుకు తెలిసింది రిజిస్టర్లో పేరు.”

మా వైపు ఇది కొత్తేమీ కాదు. బడిలో ఒక పేరు, బాప్తిస్మంలో ఒక పేరు ఉన్నవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. నేను ఆఫీసులో ‘సుంకన్న అలియాస్ శామ్యూల్’ లాంటివి వారానికి రెండైనా రాసేవాణ్ణి. అట్లాంటివాణ్ణి, టీమ్ షీటు ఫారంలో అలియాస్‌కు ఒక గడి పెట్టాలని తోచలేదు. సిగ్గుతో చచ్చిపోయాననుకోండి.

శేషయ్య ఊరుకోలేదు. “కత బాగుంది. అయితే ఈనికి ఒక అన్న ఉండాడు, శ్రీశైలం డ్యాం పనిలో. అచ్చం ఈని మాదిరే ఉంటాడు. వాడూ గోలీనే. అవునా కాదా బాషా?”

“అవును. మంచి గోలీ. అయితే ఈ ఏడు రాల్యా.”

“వచ్చినాడు. ఆళ్లగడ్డలో ఆడిపోయినోడు వాడే అంటాండా.”

ఆళ్లగడ్డ ఆటలకు పోయిన రెఫరీని పిలిపించాం. ఆయన పిల్లవాణ్ణి ఎగాదిగా చూసి, “ఈడే అనిపిస్తాంది సార్. అన్న గూడా ఇట్లనే ఉంటాడంటే నేనేం జెప్పను? నేను బంతిని చూస్తా గానీ మొగాలు చూడను” అన్నాడు.

నేనా సీజన్లో ఆళ్లగడ్డ పోనే లేదు. నిజం చెప్పాలంటే నాకూ అనుమానం పట్టుకుంది. అన్న ఒకడున్నాడు, పోలిక ఉంది, ఆటా వచ్చు. ప్రెసిడెంటు గారు మధ్యేమార్గం చెప్పారు. “రేపటికి ఈ అబ్బాయిని పక్కన పెట్టండి బాషా. ఇంకెవరినైనా గోల్లో నిలబెట్టుకోండి. గొడవ ఉండదు.”

“ఈన్ని ఆపితే దొంగతనం ఒప్పుకున్నట్టే గదా సార్. ఆడితే ఈనితోనే ఆడతాం. లేదంటే బస్సెక్కి ఇంటికి పోతాం.”

అంతసేపూ గోడకానుకుని నిలబడిన పిల్లవాడు అప్పుడు నోరు విప్పాడు. “నేను ఇద్దర్ని ఎట్లయితా సార్? నేను ఒక్కన్నే గదా.”

సీలు వేసిన ఐదు కవర్లు నా సంచిలోనే ఉన్నాయి. విషయం తెలిసిన వెంటనే బాషా నన్ను పక్కకు పిలిచి, వాటిని విప్పి చూడమని బతిమాలాడు. చూడలేదు. నేనొక్కణ్ణే ముందే చూస్తే సర్దానంటారు. ఇప్పుడు వాటిని బల్ల మీద పెట్టి, పిల్లవాడి వైపు తిరిగాను.

“నాయనా, ఆ రోజు నిన్ను బాధ పెట్టినా. ఈరోజు ఇంగొకసారి ఏలు పెట్టల్ల. నీ కోసం పెట్టు.”

అతను జయరామయ్య సారు వైపు చూశాడు. సారు తల ఊపారు. చెయ్యి ముందుకు చాచాడు. తెల్ల కాగితం మీద వేలిని నేనే పట్టుకుని దొర్లించాను. సుడి మధ్య నుంచి ఏటవాలుగా ఒక తెల్ల గీత తేలింది. ఏందని అడిగితే, సెలవుల్లో శిల్పాలు చెక్కే చోట కూలికి పోతాడట, రాతి పలుకు ఎగిరి వేలు కోసిందట.

శేషయ్యకు ఇంకో సందేహం వచ్చింది. “అన్నదమ్ములకు ముద్రలు గూడా ఒకటే ఉండొచ్చు గదా?”

“శేషయ్యన్నా, ఎన్ని భాగపరిష్కారాల్లో అన్నదమ్ముల ఏళ్ళు పక్కపక్కన పెట్టించినానో నాకే లెక్క ల్యా. భూములు సమానంగా పంచుకుంటారు, ఏలిముద్ర మాత్రం ఎవనిది వానికే. కవలలకైనా ఒకటి ఉండదు.”

ప్రెసిడెంటు గారు ఒక్కొక్క సీలూ చూసి తనే విప్పారు. నేను భూతద్దం ఆయన చేతికిచ్చి దూరం జరిగాను. మొదటి రెండు సుంకన్న పేరువి. వాటి మీద ఎవరికీ తగువు లేదు. మూడోది ఆళ్లగడ్డది, శామ్యూల్ పేరు, సంతకమూ ఆ పేరుతోనే. ఆ రోజు వాన పడిందట, ముద్రంతా అలికిపోయి మసి మరకలా ఉంది. శేషయ్య మొహం వెలిగింది. ఇక మిగిలినవి రెండే. రెండింట్లో ఒక్కటి చెడినా పిల్లవాడి పని అంతే, జట్టూ అంతే.

నాలుగోది విప్పారు. ప్రెసిడెంటు గారు చాలాసేపు చూశారు. ఐదోది విప్పి ఇంకా ఎక్కువసేపు చూశారు. భూతద్దం శేషయ్యకు ఇచ్చారు. శేషయ్య కొత్త ముద్రనూ పాతవాటినీ మార్చి మార్చి చూశాడు. పత్తి చూసే కన్ను అది, ఊరికే మోసపోదు. సుడి అదే, ఏటవాలు గీత అదే. ఆయన తల పైకెత్తాడు.

“ఒకటే” అన్నాడు. తర్వాత మూడో షీటు మీద వేలు పెట్టి, “అయితే ఈటిలో ఒకటి చెరిగిపోయింది గదప్పా” అన్నాడు.

“చెరిగింది తీసేయన్నా. రెండు, రెండు, నాలుగు. రూలు నాలుగే గదా.”

శేషయ్య ఒక్క క్షణం నన్ను చూసి పెద్దగా నవ్వేశాడు. ప్రొటెస్ట్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. బాషా శామ్యూల్‌ను నడుం పట్టి పైకెత్తాడు. జయరామయ్య సారు పంచె చెంగుతో కళ్ళద్దాలు తుడుచుకుంటూ నిలబడ్డారు. నాకైతే సొంత కొడుకు పరీక్ష పాసైనంత సంతోషమయింది.

ఆదివారం చర్చి నుంచి నేరుగా వచ్చాడు శామ్యూల్. బొటనవేలికి సిరా నలుపు ఇంకా పోలేదు. ఆళ్లగడ్డ నుంచి బస్సుల టాపు మీద కూడా జనం వచ్చారు. ఆ ఆట గురించి నంద్యాలలో చాలా రోజులు చెప్పుకున్నారు. శేషయ్య జట్టు బంతితో విడవకుండా మీద పడింది. కాళ్ళ దగ్గరికి వచ్చినవి, తల మీదుగా పోయేవి, మూలకు దూరేవి, ఏదీ పోనివ్వలేదు ఆ పిల్లవాడు. రెండో సగంలో బాషా ఒకే ఒక్క గోలు కొట్టాడు. చివర్లో శేషయ్య జట్టుకు పెనాల్టీ వచ్చింది. శామ్యూల్ ఎడమ వైపుకు దూకి బంతిని రెండు చేతులా గుండెకు హత్తుకున్నాడు. ఆ తర్వాత విజిల్ ఎవరికీ వినపడలేదు. సెక్రెటరీని, ఎవరి వైపూ ఉండకూడనివాణ్ణి, కుర్చీ మీదికెక్కి చప్పట్లు కొట్టాను.

కప్పు ఇచ్చేటప్పుడు శేషయ్య వచ్చి శామ్యూల్ భుజం మీద చెయ్యి వేశాడు. నా వైపు తిరిగి, “నేను జెప్పింది నిజమే గదప్పా సెక్రెటరీ. గోల్లో ఇద్దరుండారు” అన్నాడు. శామ్యూల్ పగలబడి నవ్వాడు. అతను నవ్వడం నేను చూడ్డం అదే మొదటిసారి.

దొంగను పట్టుకోవాలని నేను రూలు రాశాను. మంచివాడు ఆ రూలు ముందు నిలబడితే ఎట్లా ఉంటుందో ఆలోచించలేదు. రూలు రాసేవాడు రెండూ చూసుకోవాలి. మరుసటి ఏడు ఫారంలో ‘ఇంకో పేరు ఉంటే’ అని ఒక గడి పెట్టాను. ఇంకోటి కూడా చేశాను, అది ఏ రూలులోనూ లేదు. ప్రతి షీటు మీదా ముందుగా నా సంతకం పెట్టి, పక్కన నా వేలిముద్ర వేసి, ఆ తర్వాతే ప్యాడు పిల్లల ముందుకు జరిపేవాణ్ణి. రెఫరీలకూ అదే చెప్పాను. ఇక ఎవరూ చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

1980 సీజన్ మొదటి ఆటకు ఆళ్లగడ్డ జట్టు వచ్చింది. శామ్యూల్ రెండు గళ్ళలో రెండు పేర్లూ రాసి, సంతకం చేసి, తనంతట తనే వేలు దొర్లించాడు, చక్కగా, మసి మరక లేకుండా. వెనకనే జయరామయ్య సారు ప్యాడు తన వైపు లాక్కున్నారు.

“సారూ, మేనేజర్లకు అక్కర ల్యా. సంతకం చాలు.”

“తెలుసులేప్పా” అని ఆయన బొటనవేలు సిరాలో అద్దారు. “మా పిల్లోడు ఏసినాడు గదా. నేనూ ఏస్తా.”