ట్రయల్ మాస్టారూ, అరంగుళం భయమూ

ట్రయల్ చూడకుండా మాస్టారు ఏ పనీ చెయ్యరు. బట్టల సంగతే అనుకునేరు. నలభై ఏళ్ళు కోట్లు కుట్టిన మనిషి, ముందు కచ్చా కుట్టు వేసి, తొడిగి చూసి, ఆ తర్వాతే పక్కా కుట్టు వేసే మనిషి, కాబట్టి దుకాణంలో ఆ పద్ధతి న్యాయమే. చిక్కేమిటంటే దుకాణాన్ని కొడుక్కి అప్పగించారు గానీ పద్ధతిని అప్పగించలేదు. దాన్ని ఇంటికి తెచ్చుకున్నారు.

పన్ను పీకించుకోవలసి వస్తే ముందురోజే వెళ్ళి, డాక్టరు కుర్చీలో పది నిమిషాలు నోరు తెరుచుకుని కూర్చుని, బాగానే ఉంది రేపొస్తానని చెప్పి వచ్చేశారు. ఇల్లు మారేటప్పుడు లేని బీరువాని నలుగురి చేత మెట్ల మీదుగా మోయించారు. ఇరుగుపొరుగు తలుపులు తీసుకుని చూస్తున్నా లెక్కచెయ్యకుండా, మూడో మలుపులో నిలబడి "కాస్త వంచండి, గోడకి గీసుకుంటుంది" అని కేకలు వేశారు. మోసేవాళ్ళు గాలిని వంచారు. మర్నాడు అసలు బీరువా ఆ మలుపులో గోడకి వెంట్రుకవాసి దూరంలో జారుకుంటూ వెళ్ళేసరికి, నవ్విన పొరుగింటాయనే ముందుగా చప్పట్లు కొట్టాడు.

ఆ ఇంటికి కోడలు వచ్చి ఎనిమిది నెలలు. మందుల దుకాణంలో పని. మాటలు తక్కువ. ఒక సాయంత్రం మాస్టారు ఆమెకి పల్చటి కోటు కుడతానని నిలబెట్టి, అత్తగారి చేత టేపు పట్టించి కొలతలు తీసుకుంటున్నారు. ముందుగా దుకాణం నియమం చెప్పారు.

"ట్రయల్‌లో గుండుసూది గుచ్చుకుంటే మొహమాటపడకమ్మా. 'పిన్ను' అను చాలు. అక్కడే ఆపేస్తాను. ఎందుకని అడగను."

సరిగ్గా అప్పుడే కొడుకు ఫోను ఊపుకుంటూ లోపలికొచ్చాడు. వచ్చే నెల అందరం సముద్రానికి వెళ్తున్నామనీ, ఒడ్డునే ఇల్లు దొరికిందనీ, నాలుగు రోజులు నీళ్ళలోంచి బయటికి రాకూడదనీ చెప్పాడు. అత్తగారు సంబరపడ్డారు. కోడలు నవ్వింది. మాస్టారు మాత్రం భుజం కొలత మరోసారి తీయించి, కొలతల పుస్తకంలో ఏదో రాసుకుని పెన్సిలు చెవిమీద పెట్టుకున్నారు.

కోడలికి నీళ్ళంటే భయం. పదకొండేళ్ళప్పుడు బడివాళ్ళు ఈతకొలనుకి తీసుకెళితే, ఎవరో సరదాకి వెనకనుంచి తోసేశారు. ఉక్కిరిబిక్కిరై పైకి తేలేసరికి గట్టుమీద అందరూ నవ్వుతున్నారు. నీళ్ళు ఎంత చల్లగా ఉన్నాయో మర్చిపోయింది గానీ ఆ నవ్వు మర్చిపోలేదు. భర్త చూస్తే చేపపిల్ల. రానంటే ఎందుకని అడుగుతారు, వస్తే నలుగురిలో బయటపడుతుంది. ముందు నుయ్యి వెనక గొయ్యి అనుకుందామన్నా ధైర్యం చాల్లేదు, నూతిలో ఉండేవీ నీళ్ళే కదా.

ఆ ఆదివారమే మాస్టారు ట్రయల్ ప్రకటించారు. కూతురూ, బ్యాంకులో పనిచేసే అల్లుడూ, ఆరేళ్ళ మనవరాలూ కూడా హాజరు కావలసిందేనని కబురు వెళ్ళింది. పిన్ను నియమం అందరికీ వర్తిస్తుందన్నారు. మొదటిది కారు ట్రయల్. హాల్లో కుర్చీలన్నీ కారులో సీట్ల వరసలో వేసి అందరినీ కూర్చోబెట్టారు. కొడుకు చేతికి స్టీరింగుగా కంచం ఇచ్చారు.

"మామయ్యగారూ, ఇరవై నిమిషాల్నించి కదలకుండా కూర్చున్నాం," అన్నాడు అల్లుడు.

"ఇంకా ఊరు దాటలేదు అల్లుడుగారూ."

ఇరవై అయిదో నిమిషంలో మనవరాలికి బాత్రూము అవసరం పడింది. మాస్టారు గెలిచినట్టు అందరివంకా చూసి, పుస్తకంలో రాసుకున్నారు. మరో పావుగంటకి అల్లుడికీ అవసరం పడింది. అదీ రాసుకున్నారు.

తర్వాతిది సముద్రం ట్రయల్. దుకాణంలో అమ్ముడుపోని నీలంరంగు లైనింగు గుడ్డ ఒక తాను మిగిలిపోయి ఉంది. దాన్ని మేడమీద పరిచి, ఒక కొస కూతురికీ మరో కొస మనవరాలికీ ఇచ్చి అలలు పుట్టించమన్నారు. మిగిలినవాళ్ళు రెండేసి మంది చేతులు పట్టుకుని చీలమండల దాకా గుడ్డలో నిలబడాలి. సముద్రానికి వీపు తిప్పకూడదు. కాపలావాళ్ళు పాతిన రెండు జెండాల మధ్యే దిగాలి. జెండాల పనికి అత్తగారు ఆరేసిన రెండు తువ్వాళ్ళు ఉపయోగపడ్డాయి.

అసలు పాఠం ఆ తర్వాత. ఆయన సైగ చెయ్యగానే మనవరాలు గుడ్డని కాళ్ళకింద నుంచి లోపలికి లాగేది. అల్లుడు పౌరుషంగా ఒడ్డువైపు నడవబోయి, గుడ్డ చుట్టుకుని దభీమని పడ్డాడు.

"చూశారా. జిప్పు ఇరుక్కుంటే బలంకొద్దీ లాగుతామా? ఊడి చేతికొస్తుంది. కాస్త పక్కకి జరిపి వదులు చేస్తాం. నీళ్ళు లోపలికి లాగుతుంటే ఎదురీదొద్దు. వెల్లకిలా తేలండి, ఒక చెయ్యి పైకెత్తండి, ఒడ్డు వెంబడే పక్కకి జరగండి. లాగుడు వదిలాక ఒడ్డుకి రండి."

"గుడ్డలో మునిగి చచ్చినవాణ్ణి నేనే మొదటివాణ్ణవుతాను," అన్నాడు అల్లుడు మోకాలు తుడుచుకుంటూ. ఆపైన వారంవారం పిన్ను, పిన్ను అంటూ తన వంతు ఎగ్గొట్టడం మొదలుపెట్టాడు. మాస్టారు మాటకి కట్టుబడ్డ మనిషి. అల్లుడు పిన్ను అన్నప్పుడల్లా కారణం అడక్కుండా కాఫీ ఇప్పించారు. ఆ కాఫీ కోసమే అతను అన్ని ట్రయల్స్‌కీ వచ్చాడు.

రెండోవారం గుడ్డ స్థానంలో బట్టలు నానబెట్టే తొట్టి వచ్చింది. మూడోవారం గాలి ఊది నిలబెట్టే మనవరాలి ప్లాస్టిక్ కొలను. మోకాలి లోతు నీళ్ళలో ఒక్కొక్కరే వెల్లకిలా పడుకోవాలి, తోడున్నవాళ్ళు తల కింద అరచెయ్యి పెట్టాలి. అత్తగారు పడుకుంటే సగం నీళ్ళు మేడమీంచి వీధిలోకి పోయాయి. ఏమండీ, ఈ వయసులో నాకిదేం ఖర్మ అని ఆవిడ ఆకాశంతో మొరపెట్టుకుంటుంటే మనవరాలు పగలబడి నవ్వింది, కొడుకు నవ్వాడు, చివరికి ఆవిడా నవ్వింది. అందరూ నవ్వులపాలే కాబట్టి కోడలు పడుకున్నప్పుడు ఆమెని ప్రత్యేకంగా ఎవరూ చూడలేదు. వరసలో మూడో వంతు ఆమెది. ఎప్పుడూ మూడో వంతే. రెండుసార్లు ఆమె చిన్నగొంతుతో పిన్ను అంది. రెండుసార్లూ మాస్టారు వేరే ఎటో చూస్తూ, సరే తర్వాతివాళ్ళు రండి అన్నారు. మూడోసారి ఆమె పిన్ను అనలేదు. చెవుల్లోకి నీళ్ళు వెళ్ళాయి, ఆకాశం కనిపించింది, తల కింద భర్త చెయ్యి ఉంది. ఆ రోజు కాఫీ ఆమెకి మహా రుచిగా అనిపించింది.

మొత్తానికి సముద్రం దగ్గరికి చేరారు. మొదటిరోజు ఒడ్డున ఎర్రజెండా ఎగురుతోంది. అంత దూరం వచ్చి దిగకపోవడమేమిటని కొడుకూ అల్లుడూ ఎంత మొత్తుకున్నా గోడకి చెప్పుకున్నట్టే అయింది. మాస్టారు అందరినీ మడతకుర్చీల్లో కూర్చోబెట్టి, దిగకుండా ఉండటానికీ ట్రయల్ కావాలన్నారు.

మర్నాడు జెండా మారింది. ఇద్దరేసి చొప్పున దిగారు. మాస్టారు మెడలో టేపుతో ఒడ్డున నిలబడి, కాపలా కుర్రాడికి కూడా సలహాలిస్తున్నారు. మూడో వంతు కోడలిది. భర్త చెయ్యి పట్టుకుని చీలమండల దాకా వెళ్ళింది, మోకాళ్ళ దాకా వెళ్ళింది. అల వచ్చి వెనక్కి పోతూ పాదాల కింద ఇసుకని లాగినప్పుడు భర్త చెయ్యి గట్టిగా పట్టుకుంది గానీ, ఆ లాగుడు ఆమెకి కొత్త కాదు. మనవరాలు అంతకంటే గట్టిగా లాగింది.

వాళ్ళిద్దరూ ఒడ్డెక్కిన కాసేపటికి నీళ్ళలో చిన్న గలభా. అల్లుడు మాటల్లోపడి, భార్య చెయ్యి వదిలేసి జెండా దాటి పోయాడు. చూస్తుండగానే నీళ్ళు అతన్ని లోపలికి లాక్కుపోతున్నాయి. కూతురు కెవ్వుమంది. కొడుకు దూకబోతే మాస్టారు చొక్కా పట్టుకుని ఆపారు. కాపలావాడు ఈల వేసి తేలే పలక తీసుకుని పరిగెత్తాడు. అల్లుడు రెండు బారలు ఎదురీదబోయాడు. అంతలో ఏం గుర్తొచ్చిందో వెల్లకిలా తిరిగి, ఒక చెయ్యి ఎత్తి, నెమ్మదిగా పక్కకి జరిగాడు. పలక అందింది. రెండొందల అడుగుల అవతల ఒడ్డెక్కి, తడిసిన కోడిలా నడిచొచ్చి, మామగారి ముందు నిలబడ్డాడు.

"జిప్పు, మామయ్యగారూ," అన్నాడు.

మాస్టారు తువ్వాలు కప్పి, కాఫీ ఇమ్మని భార్యకి చెప్పారు.

ఇంకో తువ్వాలు కోసం కోడలు సంచీ వెతికింది. ఏ వస్తువు ఏ అరలో ఉందో పుస్తకంలో రాసి ఉంటుందని తెలిసి, కొలతల పుస్తకం తెరిచింది. తువ్వాళ్ళ జాబితా బదులు ఆమె పేజీ దొరికింది. మాస్టారి ముత్యాల్లాంటి అక్షరాలు.

"కోడలు. భుజం 14. సముద్రం మాట వినగానే 13½. భుజాలు చెవుల దాకా లేచాయి. కోటు ఇప్పుడే కత్తిరించకూడదు. ఒంటరిగా నేర్పితే నొచ్చుకుంటుంది, అందరితో కలిపి నేర్పాలి."

కింద తేదీలు. "గుడ్డ ట్రయల్: టేపు లేకుండా కంటితో కొలిస్తే 13½. తొట్టి: 13¾. అల్లుడుగారు పిన్ను అన్నందుకు బాగా నవ్వింది. కొలను: 14. ఇక కత్తిరించవచ్చు." దాని కింద ఇంకో వరస. "నాది 17. సముద్రం అంటే 16."

కోడలు ఆ చివరి వరస రెండుసార్లు చదివింది. పాము కాళ్ళు పాముకెరుక అంటారు. తల ఎత్తి చూస్తే, ఇందాకటి నుంచీ అందరికీ పాఠాలు చెబుతున్న మనిషి పాదాలు పొడి ఇసుక మీదే ఉన్నాయి. అల దగ్గరికొచ్చినప్పుడల్లా ఒక అడుగు వెనక్కి వేస్తున్నారు. భుజాలు చెవులకి ఆనుకుని ఉన్నాయి. ఆమెకి ఒక్కసారిగా ఆయనంటే చెప్పలేనంత ఇష్టం కలిగింది.

వెళ్ళి పక్కన నిలబడి చెయ్యి చాపింది.

"మీ వంతు మామయ్యా."

"సంచులకి కాపలా ఎవరుంటారమ్మా?"

"అత్తయ్య ఉన్నారు."

మాస్టారు సంచుల వంకా, భార్య వంకా, సముద్రం వంకా చూశారు. టేపు మెడలోంచి తీసి జేబులో పెట్టుకున్నారు. కోడలి చెయ్యి పట్టుకుని నాలుగడుగులు వేశారు. అల వచ్చి చీలమండల్ని తాకింది.

"పిన్ను," అన్నారు మెల్లగా.

కోడలు అక్కడే ఆగిపోయింది. ఎందుకని అడగలేదు. వేరే ఎటో చూస్తూ నిలబడింది. ఆ అల వెళ్ళింది, ఇంకోటి వచ్చింది, అదీ వెళ్ళింది. అల్లుడు కాఫీ గ్లాసు పట్టుకుని చూస్తున్నాడు గానీ నవ్వలేదు. అయిదో అలకి మాస్టారి భుజాలు కాస్త కిందికి దిగాయి.

"ఇంకొక్క అంగుళం లోపలికి పోదామా అమ్మా," అన్నారాయన.