పిచ్చేశ్వరరావు గారి రిహార్సళ్లు

బందరు ఈడేపల్లిలో ఉండే పిచ్చేశ్వరరావు గారు రిహార్సల్ వేయకుండా ఏ పనీ చేయరు. కుర్రతనంలో నాటకాలాడిన మనిషి. నాటకాలు పోయాయి, రిహార్సళ్లు మిగిలాయి. పన్ను పీకించుకునే ముందురోజు ఇంట్లో కుర్చీలో గంటసేపు నోరు తెరుచుకుని కూర్చున్నారు. మోపిదేవి గుడికి వెళ్లే ముందు గోడపక్కన క్యూ కట్టినట్టు పూటంతా నిలబడి, “కాళ్లు తట్టుకుంటాయి, బయల్దేరదాం” అన్నారు.

మేనకోడలు రజనికి ఇదంతా తెలుసు. అయినా ఆ మిట్టమధ్యాహ్నం గుడివాడ నుంచి బస్సు దిగి వచ్చేసరికి ఆమె గుండె ఆగినంత పనైంది. వీధిలో నరపురుగు లేదు. కాకి కూడా అరవడం లేదు. వసారాలో చాప మీద మావయ్య వెల్లకిలా పడుకుని ఉన్నారు. ముక్కులో దూది. కాలి బొటనవేళ్లు కలిపి కట్టి ఉన్నాయి. తల దగ్గర దీపం, గాలి లేకపోయినా వణుకుతోంది.

రజని చేతిలో సంచి జారిపోయింది. “మావయ్యా!”

శవం పెదవులు మాత్రం కదిలాయి. “అరవకు. ఇంకా పావుగంట ఉంది.”

లోపల సౌభాగ్యమ్మ అత్తయ్య పోపు వేస్తోంది. “ఈ యేడు నాలుగోసారమ్మా. కాళ్లు కడుక్కో, అన్నం తిందువుగాని.”

రజని వచ్చిన పని వేరు. పద్నాలుగేళ్లుగా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఆరేళ్లు జీతం రాకపోయినా బతకడానికి సరిపడా దాచుకుంది. రెండేళ్లు మానేసి ఊపిరి పీల్చుకోవాలని కోరిక. ఏడాదిగా రాజీనామా రాయడం, చెరిపేయడం.

“డబ్బు చాలదని భయమా?” అంతా విని, దూది తీస్తూ అడిగారు మావయ్య.

“కాదు మావయ్యా. ఆ ఉద్యోగం లేకపోతే నేనెవర్ని అని.”

“అయితే రిహార్సల్ వేద్దాం. మూడు రోజులు సెలవు పెట్టు. నువ్వు మానేసి ఆరు నెలలైందనుకో.” ఆమె ఫోను ఆపేసి బియ్యం డబ్బా అడుగున పూడ్చేశారు.

మొదటిరోజు చుట్టాలందరి వేషాలూ ఆయనే వేశారు. కండువా తలకు చుట్టుకుంటే పామర్రు పెద్దమ్మ, భుజాన వేసుకుంటే ఎదురింటి గోవర్ధనరావు. “ఇప్పుడేం చేస్తున్నావమ్మా?” రజని “సెలవులో ఉన్నానండీ” అనేసింది. “ఖాళీగా ఉన్నానండీ” అని ఇరవైసార్లు అనిపించారు.

రెండోరోజు ఆఫీసు వేషం. గదిలోకి వచ్చిన మనిషి ముఖంలో మావయ్య లేరు. ఆ చూపు రజనిలోంచి దూసుకెళ్లి గోడకు తగిలింది. ఆమె కూర్చున్న కుర్చీ మీద చెయ్యి వేసి, వెనక ఎవరితోనో అన్నట్టు అడిగారు. “ఇది ఖాళీయేగా?”

“నేనున్నాను మావయ్యా.”

“చాన్నాళ్లుగా ఖాళీయేనండీ. ఎవరో కూర్చునేవారు. పేరు గుర్తులేదు.”

రజని తన చెయ్యి తనే తడిమి చూసుకుంది.

అప్పుడే వంటింట్లో ఫోను మోగింది. పరుగెత్తి మోచేతి దాకా బియ్యంలో చెయ్యి పెట్టింది. ఫోను చల్లగా ఉంది. తెర నల్లగా ఉంది. అరచేతిలో ఉండగానే ఇంకోసారి మోగి ఆగిపోయింది.

“విన్నారా అత్తయ్యా?”

“లేదమ్మా. నాకూ మొదట్లో ఇంతే. ఆయన వసారాలో పడుకుంటే, లోపలి గదిలోంచి ఆయన దగ్గు వినిపించేది.”

“మరి ఎందుకు ఊరుకున్నారు?”

సౌభాగ్యమ్మ గొంతు తగ్గించింది. “ఆయనకి గుండె ఆపరేషనైన దగ్గర్నుంచి నాకు నిద్ర లేదు. ఆయన పోతే ఎట్లా అని. ఒక్కదాన్నే బ్యాంకుక్కూడా వెళ్లెరగను. అది చూసి మొదలెట్టారు ఇది. మొదటిసారి మీద పడి ఏడ్చాను. రెండోసారి ఏడుస్తూనే గ్యాస్ బుక్ చేశాను. మొన్న ఆయన్నలాగే వదిలేసి బ్యాంకుకెళ్లొచ్చాను. వచ్చేసరికి శవం గురక పెడుతోంది.” నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. “ఇప్పుడు హాయిగా నిద్రపోతున్నాను. ఇదంతా నా కోసమేనని నాకు తెలిసినట్టు మాత్రం ఆయనకి చెప్పకు.”

మూడోరోజు మళ్లీ ఆ చూపే వచ్చింది. “ఈ కుర్చీ ఖాళీయేనా?”

రజని లేచి నిలబడింది. “ఖాళీయేనండీ. తీసుకెళ్లండి.”

పిచ్చేశ్వరరావు గారు చప్పట్లు కొట్టబోయి, కళ్లజోడు తుడుచుకున్నారు. ఆ సాయంత్రమే రాజీనామా వెళ్లిపోయింది.

జీతం లేని మొదటి ఉదయం ముగ్గురూ మంగినపూడి వెళ్లారు. నలభయ్యేళ్లు బందరులో కాపురం చేసినా సముద్రంలో కాలు పెట్టని సౌభాగ్యమ్మ, రజని చెయ్యి పట్టుకుని చీర కుచ్చిళ్లు ఎత్తి అలల్లోకి నడిచింది. పిచ్చేశ్వరరావు గారు “ముందొకసారి రిహార్సల్...” అనబోయి మానుకున్నారు. వంగి, ఇద్దరి చెప్పులూ తీసి చంకలో పెట్టుకుని ఒడ్డున నిలబడ్డారు.