పసుపు కల్లంలో బెల్లం

నిజామాబాద్‌లో మార్కెట్ యార్డు వెనక రోడ్డు మీదుగా నేను పాఠాలు చెప్పే బడికి ఆటోలో వెళ్తుంటాను. పసుపు బస్తాలు దిగే రోజుల్లో ఆ మలుపు రాగానే పక్కన కూర్చున్నవాళ్లు తుమ్ముతూ ముక్కుకు దస్తీ అడ్డం పెట్టుకుంటారు. నేను మాత్రం సిగ్గు లేకుండా గుండెల నిండా పీల్చుకుంటాను. కొంచెం మట్టి, కొంచెం ఘాటు, ఎండకు కాగిన గోనెసంచి వాసన. ఆ ఒక్క నిమిషం వేల్పూర్ దగ్గరి మా ఊళ్లో, తొమ్మిదేళ్ల పిల్లనై, పచ్చటి అరికాళ్లతో మా కల్లంలో నిలబడి ఉంటాను.

శివరాత్రి దాటిందంటే మా ఇంట్లో పసుపు ఉడకబెట్టడమే పెద్ద పండుగ. మనిషి పడుకునేంత ఇనుప కడాయిలు, వాటి మీద కప్పిన గోనెసంచుల సందుల్లోంచి లేచే ఆవిరి, పొయ్యి అంచు నిప్పుల్లో కాల్చుకున్న మక్క కంకులు, కాముని పున్నం నాటి మంటకని ఆ పొయ్యి కట్టెల్లోంచే మేం ఎత్తుకుపోయిన మొద్దులు, ఉగాదికి అవ్వ నెయ్యి పోసి పెట్టే పూర్ణం బచ్చాలు, అన్నీ ఆ రెండు నెలల్లోనే. అందరి వేళ్లూ పచ్చగా ఉండేవి. అవ్వ వడ్డించిన తెల్లన్నం మా చెయ్యి పడగానే పులిహోర రంగుకు తిరిగేది.

ఉడికిన కొమ్ములను కల్లంలో పరిచాక మాత్రం ఆటలు బంద్. మా బాపు వాళ్ల అన్న, మా పెద్దబాపు, ఇంటికి పెద్ద. ఆయన చట్టం ఒకటే: కల్లంలోకి నీళ్లు రాకూడదు. ఆరే పసుపుకు తడి తగిలితే మచ్చ పడుతుంది. కూలీలు కూడా గట్టు దాటి వెళ్లి నీళ్లు తాగి, మూతీ చేతులూ తుడుచుకుని మరీ లోపలికి వచ్చేవాళ్లు. ఒకసారి చెంబుతో అడుగు పెట్టినందుకు నా వీపు మోగింది.

ఆ కల్లానికి కాపలా మా కుక్క బెల్లం. బోధన్ వైపు చుట్టాల చెరకు తోటలో దొరికిన కూనను పెద్దబాపే తన రుమాల్లో చుట్టుకుని బస్సులో తెచ్చాడు, దూది ముంచి పాలు పట్టాడు. బోధన్ చెరకులోంచి వచ్చింది కనుక బెల్లం అయింది. అవ్వ వాకిట్లో నిలబడి “ఓ బెల్లం, దా!” అని కేకేస్తే, బెల్లం అమ్మే బండి వచ్చిందనుకుని పక్కింటామె గిన్నె పట్టుకుని వచ్చింది కూడా.

నాకు తొమ్మిదేళ్లున్న ఆ ఏడు పందులు, మేకలు కల్లం తొక్కుతున్నాయని పెద్దబాపు నడిమధ్యలో గుంజ పాతి బెల్లాన్ని గొలుసుతో కట్టేశాడు. పొద్దున, సాయంత్రం గట్టు దాకా తీసుకొచ్చి అన్నం పెట్టి నీళ్లు తాగించేవాడు. మధ్యలో పగలంతా ఎండ, పసుపు, గొలుసు. అది చల్లటి రోజుల్లో నడిచిపోయింది. ఎండలు ముదిరాక బెల్లం మొరగడం మానేసింది. నాలుక బయటపెట్టి ఒక పక్కకు ఒరిగి ఉండేది. గోధుమ రంగు కుక్క పసుపు పొడికి పచ్చగా మారిపోయింది, ఎవరన్నా జాలిపడితే పెద్దబాపు నవ్వేవాడు.

“పొద్దంత పసుప్లనే పొర్లుతున్నది. దానికేం రోగమొస్తదయ్యా?”

అందరూ తలూపేవారు. తెగిన వేలికి, గీరుకున్న మోకాలికి, దగ్గుకు, జలుబుకు పసుపే వాడే ఊరు మాది. నాకు ఇంట్లో నోరెక్కువ అని పేరు. అయినా పెద్దబాపు ఎదుట ఆ నోరు పెగల్లేదు. నాలుగు రోజులు గట్టు మీద కూర్చుని చూశానంతే. ఆ నాలుగు రోజులు తల్చుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కోపం.

అయిదో రోజు పసుపు చూడటానికి నిజామాబాద్ నుంచి సేటు వచ్చాడు. పెద్దబాపు బాగా ఆరిందని ఒక కొమ్మును టక్కున విరిచి చూపిస్తుండగా ఎవరిదో మేక కల్లంలోకి దూరింది. బెల్లం తలెత్తి చూసింది గానీ లేవలేదు. సేటు ముందు పరువు పోయినట్టయింది పెద్దబాపుకు. “తిండి దండుగ!” అంటూ మట్టిపెడ్డ తీసి దాని మీదికి విసిరాడు. అది డొక్కలో తగిలింది. బెల్లం అరవను కూడా అరవలేదు.

నేను ఎప్పుడు గట్టు దిగానో నాకే తెలియదు.

“కొట్టకు పెద్దబాపూ! నీళ్లు లేక లేస్తలేదు అది!”

“ఇంట్లకు పో.”

“పోను. పసుపుకు నీళ్లు తాకొద్దంటివి. బెల్లం పసుపా?”

సేటు నవ్వాడు. ఇంకెవరూ నవ్వలేదు. వెళ్లి బెల్లం మెడ దగ్గర బొచ్చు పక్కకు తీశాను. పచ్చటి పొడి కింద గొలుసు ఒరిసి చుట్టూ పుండు. పెద్దబాపు వచ్చి గొంతుక్కూర్చున్నాడు. మెడ మీద చెయ్యి పెట్టి తీస్తే పసుపుతో పాటు నెత్తురు అంటింది. చాలాసేపు ఆ వేళ్లనే చూసుకున్నాడు. తర్వాత గొలుసు విప్పి, బెల్లాన్ని భుజాన వేసుకుని, సేటును అక్కడే వదిలేసి నీళ్ల మోటరు దగ్గరికి నడిచాడు. దోసిట్లో నీళ్లు పట్టి మూతి దగ్గర పెట్టాడు. మొదట నాకలేదు. మూడో దోసిలికి నాకింది.

ఆ మధ్యాహ్నమే పెద్దబాపు లూనా బండి మీద, నా ఒళ్లో బెల్లంతో, వేల్పూర్ పశువుల దవాఖానకు వెళ్లాం. బర్రెలకు సూదులేసి అలసిపోయిన డాక్టరు పుండు కడుగుతూ, “గొలుసు గట్లనే ఉంచి ఎంత పసుపు రాస్తే ఏం ఫాయిద పటేలా?” అన్నాడు. పెద్దబాపు ఇంటికి వచ్చాక గుంజ పీకేశాడు. మేకలను తరమడం మా పిల్లల పని అయింది, బెల్లం గట్టు మీద నీడలో నీళ్ల తొట్టి పక్కన పడుకుని మమ్మల్ని అజమాయిషీ చేసేది. ఆ సంగతి మాత్రం పెద్దబాపు మళ్లీ నాతో ఎత్తలేదు.

ఇప్పుడు మా ఊళ్లో ఆ కడాయిలు లేవు. ట్రాక్టరు వెనక ఆవిరి యంత్రం వచ్చి ఒక్క పూటలో పని ముగించి పోతుంది. అలికిన కల్లం పోయి నీలం టార్పాలిన్ పట్టాలు వచ్చాయి. నిప్పుల్లో కంకులు కాల్చుకునే పిల్లలు లేరు, బోధన్ చక్కెర ఫ్యాక్టరీ దారిలో బారులు తీరిన చెరకు బండ్లు లేవు. చాలా ఏళ్లు బతికి బెల్లం కూడా పోయింది. గుంత పెద్దబాపే తవ్వాడు.

మొన్న ఎండాకాలం సెలవులకు వెళ్తే, పెద్దబాపు కొడుకు, మా అన్న, నిజామాబాద్‌లో కొన్న జాతి కుక్కను డాబా మీద రేకుల కింద కట్టేసి ఉంచాడు. అందరం అన్నాలకు కూర్చున్నాం. అన్న కూతురు, ఆరేళ్ల పిల్ల, ముద్ద నోట్లో పెట్టుకోకుండా, “నాయినా, పైన కుక్క కాళ్లు కాల్తున్నయి,” అంది.

“సప్పుడు జేయక తిను,” అని అన్న గదిమాడు.

పెద్దబాపు చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. “దాన్ని గదమకురా,” అన్నాడు, నా వైపు చూడకుండా. “నాకు గూడ గిట్లనే ఒక పోరి జెప్పింది. అది జెప్పకుంటే ఆ మూగజీవిని నా చేతులతోని సంపుతుంటి.”

ఇన్నేళ్లలో ఆ మాట ఆయన నోట వినడం అదే మొదలు. అన్న లేచి చెయ్యి కడుక్కుని మెట్లెక్కాడు. తాత పక్కన కూర్చున్న పిల్ల, తను ఇంకా ఏమన్నా చెప్పవచ్చునేమో అన్నట్టు, ఆయన ముఖంలోకి చూస్తూ కూర్చుంది.