పలమనేరులో గోడ కూలిన కారణం

ఒక బీమా కంపెనీ తిరుపతి డివిజనల్ ఆఫీసులో క్లెయిముల మేనేజరుగా నేను చేరింది ఒక డిసెంబరు నెలలో. అంతకు కొన్ని వారాల ముందే తుపాను వానలు చిత్తూరు వైపంతా ముంచెత్తి వెళ్లాయి. నా బల్ల మీద ఇళ్ల క్లెయిములు గుట్టపడి ఉన్నాయి. చాలావాటికి సర్వే అయిపోయి, ఇవ్వాల్సిన మొత్తం కూడా ఖరారైంది. పాలసీదారు డిశ్చార్జి వోచరు మీద, అంటే ఈ మొత్తంతో నాకు పూర్తిగా సమ్మతమే అనే కాగితం మీద సంతకం పెడితే డబ్బు బ్యాంకులో పడుతుంది.

ఆ సంతకం పెట్టనని చెప్పడానికి ఖాదర్ బాషా అనే దర్జీ పలమనేరు నుంచి వచ్చాడు. యాభై దాటిన మనిషి. ఇంటి మీద రుణం తీసుకున్నప్పుడు బ్యాంకు వాళ్లు చేయించిన పాలసీ అది. వానల్లో ఆయన ఇంటి వెనక గోడ లోపలికి కూలింది. తడిసిన బట్టలకూ కుట్టు మిషన్లకూ కంపెనీ పరిహారం ఒప్పుకుంది. గోడకూ పైకప్పుకూ ఒప్పుకోలేదు. వరద వల్ల పడిన గోడకు పాలసీ వర్తిస్తుంది. మరమ్మతు లేక పాతబడి పడితే వర్తించదు. సర్వేయరు కారణం దగ్గర ‘నిర్వహణ లోపం’ అని రాశాడు.

తక్కువ వచ్చిందని అడగడానికి వచ్చాడనుకుని, పై ఆఫీసుకు ఫిర్యాదు చేసుకునే పద్ధతి చెప్పబోయాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

“దుడ్డు సంగతి తర్వాత మేడమ్. ఆ గోడ కింద మా అమ్మ పండుకోనుండింది. నేను బాగు చెయ్యకుంటే పడిందని మీరు రాసినారు. అంటే అమ్మను నేనే సంపినట్టు గదా?”

ఆయన్ను కూర్చోబెట్టి వివరం అడిగాను. సత్యవేడులో ఉండే ఆయన అక్క కూడా అదే మాట అని, తల్లిని ఖననం చేసిన రోజు నుంచి తమ్ముడితో మాట్లాడటం మానేసిందట. కంపెనీ కాగితం సంగతి తెలిశాక ఆమె అనుమానం ఖాయమైపోయింది.

ఫైలు తెప్పించి చదివాను. సర్వేయరు మా ఉద్యోగి కాడు. లైసెన్సు ఉన్న స్వతంత్ర నిపుణుడు. కావాలని తప్పు రాశాడని నేననుకోలేదు. వానల తర్వాత ఊరూరూ తిరుగుతూ అక్కడికి చేరేసరికి శిథిలాలు తీసేశారు, నీళ్లు ఇంకిపోయాయి. మిగిలిన మట్టి సున్నపు మొదలు చూసి పాత గోడ అని తేల్చాడు. అది పాతదే. దాని వల్లే పడిందా అన్నది వేరే ప్రశ్న.

తేలిన క్లెయిమును తిరిగి తెరిస్తే ఆడిటులో జవాబు చెప్పుకోవాలి. ప్రాంతీయ కార్యాలయం మొదట ఒప్పుకోలేదు. వోచరు మీద సంతకం లేదు కాబట్టి క్లెయిము ఇంకా ముగియలేదని వాదించి రెండో సర్వేకు అనుమతి తెచ్చాను. కొత్త సర్వేయరుతో పాటు నేనూ పలమనేరు వెళ్లాను.

గోడ మొదలు చూస్తుండగా పక్కింటి రెడ్డెమ్మ బయటికొచ్చింది. మమ్మల్ని తన పెరట్లోకి పిలిచి వెనక గోడ చూపించింది.

“రెండిండ్లూ ఒకే మేస్త్రీ ఒకేసారి కట్టినాడు మేడమ్. మాది మిట్ట. నీళ్లు ఈడికి రాలేదు, నిలిచింది. ఆడ మోకాలెత్తున నిలబడినాయి, పడిపోయింది.”

సర్వేయరు రెండు గోడల మట్టీ, మందమూ పోల్చాడు. తేడా లేదు. ఖాదర్ బాషా ఇంట్లో మిగిలిన గోడల మీద నీటి చార అదే ఎత్తున కనిపించింది. పాతదైనా పొడిగా ఉన్న గోడ నిలబడింది కాబట్టి కూలడానికి కారణం వరద నీరేనని సర్వేయరు రాశాడు. గోడకూ కప్పుకూ పరిహారం మంజూరైంది.

సవరించిన వోచరుకు ఖాదర్ బాషా వచ్చినప్పుడు కారణం ఉన్న వాక్యాన్ని తెలుగులో చెప్పాను. మళ్లీ చెప్పమన్నాడు. తర్వాత అక్కకు ఫోను కలిపి నా చేతికిచ్చాడు.

ఆమె నేరుగా అడిగింది: “మా తమ్ముడి తప్పు ల్యాదా మేడమ్?”

“గోడ పడింది నీళ్ల వల్లమ్మా. అంతవరకే నేను చెప్పగలను.”

ఆ మాట ఆమె కూడా ఇంకోసారి చెప్పించుకుంది. చివరికి, “వాణ్ణి ఒకసారి ఇంటికి రమ్మని చెప్పండి” అంది.

చెప్పాను. ఆయన సంతకం పెట్టి, కళ్లు తుడుచుకుని వెళ్లిపోయాడు.

ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ సర్వే రిపోర్టులో మొత్తం కంటే ముందు కారణం చదివాను. ఆధారం కనిపించకపోతే రిపోర్టు వెనక్కి పంపాను. పాలసీదారులకు నేను చెప్పగలిగింది కూడా ఇంతే: కారణం అర్థం కాకుండా వోచరు మీద సంతకం పెట్టొద్దు. రెండో సర్వే చేయించమని మీరు అడగొచ్చు.